ముళ్ల కంచె లోపలి చేతిపనులు



యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు అక్కడి విధవరాండ్రు పేతురును మేడగదికి తీసికొనిపోయి ఏమి చూపించారో జ్ఞాపకమున్నదా? ఆమె గుణగణాలను గూర్చి ప్రసంగం చేయలేదు. ఆమె తమకు కుట్టిపెట్టిన బట్టలు చేతబట్టుకొని ఏడ్చారు. మనిషి వెళ్లిపోయాక చేతిపని మాట్లాడుతుంది. ఈ నెల అటువంటి కొన్ని చేతిపనులను గూర్చి మీతో చెప్పాలనుకున్నాను. అయితే అవి పుట్టినది మేడగదిలో కాదు. హిట్లరు పాలనలోని నిర్బంధ శిబిరాలలో, అనగా కాన్సంట్రేషన్ క్యాంపులలో.

మొదట ఒక చిన్న హృదయం. కెనడా దేశంలోని మాంట్రియల్ నగరపు హోలోకాస్ట్ మ్యూజియంలో అది ఉన్నది. అరచేతిలో ఇమిడిపోయేటంత చిన్న పుస్తకం. హృదయాకారంలో కత్తిరించి, పైన ఊదారంగు గుడ్డ అంటించి, ఆ గుడ్డమీద నారింజరంగు దారంతో ‘ఎఫ్’ అనే ఒక్క అక్షరం కుట్టారు. విప్పితే కాగితపు మడతలు పువ్వు రేకులవలె తెరుచుకుంటాయి. మడత మడతకు ఒకామె వ్రాసిన శుభాకాంక్షలు. పోలిష్, హీబ్రూ, జర్మన్, ఫ్రెంచి భాషలలో.

అది ఒక పుట్టినరోజు కార్డు. 1944 డిసెంబరు 12న ఫానియా లాండౌ అనే యూదు యువతికి ఇరవై ఏండ్లు నిండాయి. ఆమెది పోలండులోని బియాలిస్టోక్. అప్పటికి ఆమె ఆష్విట్జ్ శిబిరంలో ఖైదీ. ఆమె స్నేహితురాలు జ్లాట్కా ఆ కార్డు తయారుచేసింది. తోటి పనివారిచేత రహస్యంగా వ్రాయించి, పని బల్లమీద చేతులు మారుస్తూ ఫానియాకు అందించారు.

కాగితం, కత్తెర, సూది, దారం, జిగురు. మన సండేస్కూలు పిల్లలు క్రిస్మస్ కార్డులు చేసేటప్పుడు బల్లమీద పరచుకొనే వస్తువులే. ఆష్విట్జ్‌లో వీటిలో ఏ ఒక్కటీ ఖైదీ దగ్గర ఉండకూడదు. దొరికితే కొరడా దెబ్బలు, లేదా అంతకంటె ఘోరం. జ్లాట్కా వాటిని ఒక్కొక్కటిగా సంపాదించింది. జిగురు మాత్రం ఎక్కడా దొరకలేదు. తన రొట్టెలోనిది కొంత నీళ్లలో నానబెట్టి, మెదిపి, దానితోనే అంటించింది.

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఆ శిబిరంలో ఒక మనిషికి రోజుకు ఇచ్చే రొట్టె సుమారు 300 గ్రాములు. దానితోపాటు మధ్యాహ్నం నీళ్లవంటి కూరగాయల చారు. దానిమీద రోజంతా ఫ్యాక్టరీ చాకిరి. ఆకలితో కాళ్లు ఉబ్బి, ఎముకలగూడై పడిపోయేవారిని రోజూ కళ్లారా చూస్తున్న స్త్రీ, తన రొట్టెను కాగితానికి పూసింది.

ఇది వివేకమేనా అని ఎవరైనా అడగవచ్చు. సంసారం నడిపే అమ్మలు తప్పక అడుగుతారు, ఆకలి తెలిసినవారు గనుక. బేతనియలో అత్తరు బుడ్డి పగులగొట్టిన స్త్రీని చూచి, ఇదంతా వృథా అని విసుక్కున్నవారు బయటివారు కాదు, శిష్యులే. లెక్కప్రకారం వారి మాట సరియైనదే. జ్లాట్కా విషయంలోను లెక్క అదే చెబుతుంది. కాని ఆ శిబిరమే లెక్కలమీద నడిచిన స్థలము. ఒక్కొక్క శరీరానికి ఎంత తిండి, ఎన్ని గంటల పని, ఎన్ని నెలల ఆయుస్సు అని లెక్కగట్టి నడిపారు. పేరు తీసివేసి చేతిమీద నంబరు పచ్చ పొడిచారు. ఆ నంబరు ఉన్న చేతికే, పేరులోని మొదటి అక్షరం కుట్టిన కార్డు అందింది. ఆ గుడ్డమీది ఒక్క అక్షరం విలువ ఎంతో ఏ లెక్కల పుస్తకం చెప్పగలదు?

ఆ ఫ్యాక్టరీని గూర్చి కూడ చెప్పాలి. దాని పేరు యూనియన్. బాంబులకు పెట్టే ఫ్యూజులు అక్కడ తయారయ్యేవి. అక్కడ పనిచేసే యువతులు కొందరు చిటికెడు చిటికెడుగా తుపాకిమందు గుడ్డపీలికలలో కట్టి బయటికి చేరవేశారు. దానితోనే 1944 అక్టోబరు 7న దహనశాలలలో పనిచేసే ఖైదీలు తిరుగబడి, ఒక దహనశాలను పాడుచేశారు. విచారణ మొదలైంది. రోజా రొబోటా, ఆలా గెర్ట్‌నెర్, రెజీనా సఫిర్‌స్టాయిన్, ఎస్తేర్ వైసబ్లుమ్ అనే నలుగురిని చెరలో వేసి హింసించారు. 1945 జనవరి మొదటి వారంలో తోటి ఖైదీల కళ్లముందే ఉరితీశారు. ఫానియా పుట్టినరోజు సరిగ్గా ఈ రెండింటి మధ్య వచ్చింది. సోదాలు, కొట్లు, అనుమానాలు నిండిన ఆ వారాలలోనే ఆ అమ్మాయిలు వంతులవారీగా కార్డుమీద సంతకాలు పెట్టారు. ఎక్కువమంది కోరినది ఒక్కటే, విడుదల.

ఇంకొక ప్రశ్న ఉన్నది. కాగితము, కత్తెర ఎలా వచ్చాయి? శిబిరపు గిడ్డంగులనుండి, ఫ్యాక్టరీనుండి చాటుగా తీసుకున్నవే. ఎనిమిదవ ఆజ్ఞ మాటేమిటని మన యువజన కూటములలో ఎవరైనా లేచి అడుగుతారు, అడగాలి కూడ. ఖైదీలు ఈ సంగతి తమలో తాము తేల్చుకున్నారు. శిబిరపు సరుకు తీసుకోవడాన్ని వారు దొంగతనం అనలేదు, ‘ఆర్గనైజ్’ చేయడం అన్నారు. తోటి ఖైదీ రొట్టె ఎత్తుకోవడమే వారి దృష్టిలో దొంగతనం, దానిని ఎవరూ క్షమించేవారు కారు. ఆ గిడ్డంగులలోని సరుకంతా చంపబడినవారి పెట్టెలలోనుండి దోచినదే. కాబట్టి ఎవరు దొంగ అనే ప్రశ్నకు జవాబు నాకు కష్టంగా లేదు.

అన్ని వస్తువులూ ఇటువంటి ప్రేమకానుకలేనని నేను చెప్పను. చెబితే అది అబద్ధమవుతుంది. చాలా వస్తువులు కేవలం బ్రదకడానికి చేసినవి. చెంచా సంగతి తీసుకోండి. ఇటలీ దేశపు రసాయన శాస్త్రవేత్త ప్రీమో లేవి ఆష్విట్జ్‌లో ఖైదీగా ఉండి బయటపడి ఆ సంగతులన్నీ వ్రాశాడు. కొత్త ఖైదీకి చెంచా ఇచ్చేవారు కారట. చెంచా లేనివాడు చారును కుక్కవలె గిన్నెకు మూతిపెట్టి త్రాగవలసిందే. కాబట్టి లోహపు పనివారు రేకుముక్కలతో చెంచాలు చేసి రొట్టెకు అమ్మేవారు. కాడను రాతిమీద సానబట్టి పదును పెడితే అదే రొట్టె కోసే చాకు కూడ. తరువాత శిబిరం విడుదలైనప్పుడు చూస్తే గిడ్డంగిలో వేలకొలది చెంచాలు పడి ఉన్నాయి. కొరత వలన ఇవ్వకపోవడం కాదు, మనిషిని పశువుగా దించడానికే ఇవ్వలేదని లేవి గ్రహించాడు. చెంచాతో తినడం అంత చిన్న విషయమేమీ కాదని అప్పటినుండి నాకనిపిస్తుంది.

చేతిపని వచ్చినవారిని కాపలాదారులు కూడ వాడుకున్నారు. బొమ్మలు చెక్కేవారిచేత, చిత్రకారులచేత తమ ఇండ్లకు కావలసిన అలంకార వస్తువులు చేయించుకున్నారు. దీనా గొట్లీబోవా అనే చెక్ దేశపు యూదు యువతి కథ ఇటువంటిదే. పిల్లల బ్యారక్ గోడమీద ఆమె హిమసుందరి కథలోని బొమ్మలు వేసింది, పిల్లలు చూచి సంతోషిస్తారని. ఆ పనితనం సంగతి డాక్టరు మెంగెలే చెవినబడింది. ఖైదీలమీద ప్రయోగాలు చేసిన క్రూరుడు ఇతడే. జిప్సీల ముఖచిత్రాలు నీటిరంగులతో వేయమన్నాడు. తన తల్లిని కూడ బ్రదకనిస్తేనే వేస్తానని ఆమె నిలబడింది. తల్లీకూతుళ్లిద్దరూ బ్రదికారు. చిత్రంలోనివారు మాత్రం బ్రదకలేదు. ఆ చిత్రాలలో ఏడు ఆష్విట్జ్ మ్యూజియంకు చేరాయి. 1973లో వాటిని చూచిన దీనా, అవి నా చేతిపని, నాకివ్వండి అని అడిగింది. అది లోకమంతటికీ చెందిన సాక్ష్యమని మ్యూజియం ఇవ్వలేదు. 2009లో ఆమె చనిపోయేవరకు ఆ తగవు తీరలేదు. ఇరువురి మాటలోను న్యాయం ఉన్నదనుకుంటాను, అయినా నా మనస్సు ఆ తల్లివైపే మొగ్గుతుంది.

బలవంతపు పనిలో కూడ చేతికి తన మాట తాను చెప్పుకొనే దారి దొరుకుతుంది. ఆష్విట్జ్ గుమ్మంపైన పని విడుదలనిస్తుంది అనే అర్థం వచ్చే జర్మన్ మాటలు ఇనుప అక్షరాలతో ఉంటాయి. ఎంత పచ్చి అబద్ధమో! ఆ అక్షరాలు చేసినవారు ఖైదీలే. యాన్ లివాచ్ అనే పోలిష్ కమ్మరి ఆ పని చూశాడు. అతని నంబరు 1010. అందులో ‘బి’ అక్షరం తలక్రిందులుగా ఉన్నది, పెద్ద పొట్ట పైకి, చిన్న పొట్ట క్రిందికి. కావాలనే అలా పెట్టారని, అది వారి మౌన నిరసన అని తోటి ఖైదీలు చెప్పుకున్నారు. 2009 డిసెంబరులో దొంగలు ఆ పలకను ఊడదీసి మూడు ముక్కలుగా కోశారు. కొద్ది రోజులలోనే దొరికింది. ఇప్పుడు గుమ్మంమీద ఉన్నది నకలు.

కోరీ టెన్ బూమ్ సాక్ష్యం మనలో చాలామందికి తెలిసినదే. హాలెండులో గడియారాల పని నేర్చి లైసెన్సు పొందిన మొదటి స్త్రీ ఆమె. ఫుఖ్ట్ శిబిరంలో ఆమెచేత రేడియో విడిభాగాలు చేయించారు. అలవాటు కొద్దీ ఆమె శ్రద్ధగా చేస్తుంటే, తోటి ఖైదీయైన మేస్త్రీ ఆ రేడియోలు ఎవరి విమానాలలోకి పోతాయో జ్ఞాపకం చేశాడు. పని బాగా చేయడమే తప్పయ్యే స్థలం అది! రావెన్స్‌బ్రూక్‌లో ఆమె అక్క బెట్సీకి మేజోళ్లు అల్లే పని పడింది. బెట్సీ 1944 డిసెంబరులో అక్కడే ప్రభువునందు నిద్రించింది. అదే శిబిరంలో స్త్రీలు పండ్లు తోముకొనే బ్రష్షు కాడలనుండి గోరంత బొమ్మలు చెక్కి ఒకరికొకరు ఇచ్చుకున్నారు. ఐగుప్తులో ఇటుకలు చేసిన చేతులే తరువాత గుడారపు తెరలు నేసినట్లు, పగలు శత్రువు మేజోళ్లు అల్లిన వేళ్లే రాత్రి స్నేహితురాలికి కానుక చెక్కాయి.

ఇక దహావు. మ్యూనిక్ దగ్గరున్న ఆ శిబిరంలో దైవసేవకులను వేరుగా ఉంచారు. మొత్తం సుమారు 2,720 మంది. వారిలో అత్యధికులు కేథలిక్ గురువులు, అందులోను పోలండువారు. ప్రొటెస్టెంటు పాదిర్లు 109 మంది. వెయ్యిమందికి పైగా అక్కడే చనిపోయారు. 1941 జనవరిలో 26వ బ్లాకులో ఒక గది ప్రార్థనకు ఇచ్చారు గాని, ఆ సంవత్సరమే పోలండు గురువులను అందులో అడుగుపెట్టనివ్వకుండ చేశారు.

అక్కడ కార్ల్ లైస్నర్ అనే జర్మన్ యువకుడు ఉండేవాడు. గురుపట్టాభిషేకానికి ముందే 1939లో అరెస్టయ్యాడు. క్షయరోగం ముదిరింది. బిషప్పు లేనిదే అభిషేకం జరగదు. 1944లో గాబ్రియేల్ పిగే అనే ఫ్రెంచి బిషప్పునే ఖైదీగా తెచ్చి అక్కడ పడవేశారు. ఇక తక్కినవన్నీ చేతులతో చేయాలి. ఒక సన్యాసి కర్రతో బిషప్పు దండం చెక్కాడు. దానిమీద లాటిన్‌లో ‘సంకెళ్లలో జయశాలి’ అని అర్థం వచ్చే మాటలు చెక్కాడు. ఫ్యాక్టరీలో పనిచేసేవారు లోహంతో ఉంగరం చేశారు. అంగీలు, తలపాగా దొరికిన గుడ్డతో కుట్టారు. ఆరాధనకు కావలసిన కొన్ని వస్తువులను, బయటి మేత్రాసనపు అనుమతి పత్రాన్ని ఒక యువతి చాటుగా చేరవేసింది. డిసెంబరు 17న, లోపల అభిషేకం జరుగుతుండగా, కాపలావారి ధ్యాస మరల్చడానికి ఒక యూదు ఖైదీ బయట వయొలిన్ వాయించాడు. ప్రొటెస్టెంటు పాదిర్లు కూడ ఆ సంతోషంలో పాలుపంచుకొని సహాయం చేశారు. బల్లలు, సిద్ధాంతాలు వేరైన మనవంటివారు అక్కడ ఒకే గుడ్డముక్క కోసం కలిసి వెదికారు. కార్ల్ జీవితంలో నడిపించిన బలిపూజ ఒక్కటే, డిసెంబరు 26న. విడుదలైన తరువాత 1945 ఆగస్టు 12న కన్నుమూశాడు.

దహావు 1945 ఏప్రిల్ 29న విడుదలైంది. ఆ వారంలోనే, మే 6న, ఆర్థొడాక్స్ సంఘాలవారి ఈస్టరు వచ్చింది. సెర్బియా, గ్రీసు, రష్యా దేశాల ఖైదీలు ఆరాధన చేద్దామనుకున్నారు. పుస్తకాలు లేవు, విగ్రహపటాలు లేవు, కొవ్వొత్తులు లేవు. కాపలావారి ఆసుపత్రిలోని తువ్వాళ్లు తెచ్చి, వాటికి ఎర్రసిలువ గుర్తులు కుట్టి, చారల ఖైదీ దుస్తులమీద వస్త్రాలుగా వేసుకున్నారు. కీర్తనలు, వాక్యములు అన్నీ కంఠతా చెప్పారు. చిన్నప్పుడు పిల్లలచేత వచనాలు కంఠస్థం చేయించడం దండుగ అని ఈ రోజుల్లో అంటున్నవారు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఆష్విట్జ్‌లో 11వ బ్లాకు నేలమాళిగలో 21వ కొట్టు ఉన్నది. స్టెఫాన్ యాసియెన్‌స్కీ అనే పోలిష్ సైనికాధికారిని గాయాలతో తెచ్చి అందులో పడవేశారు. ఆ గోడమీద, తలుపుమీద సిలువమీది క్రీస్తు రూపము, మరికొన్ని బొమ్మలు గీసి ఉన్నాయి. గీసినవాడు అతడేనని తేలింది. ఒక కాన్వాసు, ఒక రంగు ఏమీ లేదు. సున్నము, పదునైనది ఏదో ఒకటి. ఆ బొమ్మ ఫొటో చూస్తే కళాఖండం అని ఎవరూ అనరు.

ఇంతవరకు ఖైదీల చేతులను గూర్చే చెప్పాను. కంచె బయట నిలబడి తుపాకి పట్టుకొన్న చేతుల సంగతి దాటివేయడం నాకు న్యాయంగా తోచదు. ఆ కాపలావారిలో చాలామంది బాల్యంలో బాప్తిస్మం పొందినవారు, క్రిస్మస్ చెట్టుకు దీపాలు కట్టినవారు. జర్మనీ క్రైస్తవ దేశం. లూథరు పుట్టిన దేశం. సంఘాలలో ఎదురు నిలిచినవారు కొద్దిమంది, ఊరకున్నవారు విస్తారం. ఆష్విట్జ్‌లో చంపబడిన సుమారు 11 లక్షల మందిలో పది లక్షలకు దగ్గరగా యూదులే. ప్రభువు శరీరరీతిగా పుట్టిన జనాంగం. వారు చేసిన వస్తువులను చూచి మన గుండె కరిగితే సరిపోదు, ఎవరి పొరుగువారు ఎవరిని అప్పగించారో కూడ పిల్లలకు చెప్పాలి.

పిల్లలంటే టెరెజీన్ జ్ఞాపకం వస్తుంది. చెక్ దేశంలోని ఆ కోట పట్టణానికి సుమారు 1,40,000 మంది యూదులను తరలించారు. దాదాపు 33,000 మంది అక్కడే చనిపోయారు, 88,000 మందిని అక్కడనుండి ఆష్విట్జ్ మొదలగు చోట్లకు పంపారు. ఫ్రీడల్ డిక్కర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి 1942 డిసెంబరులో అక్కడికి వచ్చి పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పింది. కాగితం లేదు కాబట్టి ఆఫీసు ఫారాల వెనుక వైపున వేయించింది, రంగు కాగితపు ముక్కలు అంటించి చేయించింది. ప్రతి బొమ్మమీద పేరు వ్రాయమని పట్టుబట్టేది. తనను ఆష్విట్జ్‌కు పంపే ముందు రెండు సూట్‌కేసులలో సుమారు 4,500 బొమ్మలు సర్ది దాచింది. 1944 అక్టోబరులో ఆమెను చంపివేశారు. ఆ బొమ్మలు ఇప్పుడు ప్రాగ్ నగరంలోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. ఎందరో పిల్లలు ఈ భూమిమీద మిగిల్చినది ఆ ఒక్క కాగితం, దానిమీద తమ చేతితో వ్రాసుకొన్న పేరు.

అదే టెరెజీన్‌లో ముసలి తల్లులు ఆకలితో పడుకొని ఒకరికొకరు వంటలు చెప్పుకొనేవారు. నోటితో వండుకోవడమన్నమాట. మీనా పాక్టర్ అనే వృద్ధురాలు, ఆమె తోటివారు ఆ వంటలను కాగితాలమీద వ్రాసి, చేత్తో కుట్టి పుస్తకం చేశారు. తీపి రొట్టెలు, కుడుములు, నింపిన బాతు. కొన్నిచోట్ల దినుసులు తప్పిపోయాయి, ఆకలితో జ్ఞాపకం చెదిరింది. మీనా ఆ కట్టను ఒక స్నేహితుని చేతికిచ్చి, పాలస్తీనాకు వెళ్లిన తన కూతురు ఆన్నీకి చేర్చమని కోరింది. 1944లో అక్కడే చనిపోయింది.

స్నేహితుని దగ్గర కూతురి చిరునామా లేదు. 1960లో అతని బంధువు ఒకరు దానిని ఇశ్రాయేలుకు తీసికొనిపోయేసరికి కూతురు అమెరికాకు వెళ్లిపోయింది. చేతులు మారి మారి 1969లో న్యూయార్కులో ఆమె ఇంట్లో ఫోను మోగింది. మీ అమ్మగారు పంపిన పొట్లం ఒకటి నా దగ్గరున్నదని ఎవరో అపరిచితుడు చెప్పాడు. 1996లో ఆ వంటలు ఇంగ్లీషులో అచ్చయ్యాయి. అయితే మొదటిసారి విప్పినప్పుడు ఆన్నీ తన తల్లి దస్తూరి చూచి వెంటనే మూసివేసింది. చాలాకాలం దానిని తెరవకుండా అలాగే దాచి ఉంచింది.